గోవర్ధనన్న ఐదు శ్రుతి

ఆట మొదలయ్యే ముందు గోవర్ధనన్న రాజు వేషంలో వచ్చి నా పెట్టె మీద కుడిచెయ్యి ఆనించేవాడు.

"ఐదేనా?" అని అడిగేవాడు.

"ఐదే అన్నా" అనేవాణ్ని.

అంతే, తెర లేచేది. ముప్పై ఏళ్లకు పైగా మా ఇద్దరి మధ్య ఈ మాట మారలేదు. అందులో చివరి పన్నెండేళ్లు నేను చెప్పింది అబద్ధం.

నా పేరు కిష్టయ్య. పుట్టింది పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో, ఇప్పటికీ ఉంటున్నది అక్కడే. పద్యనాటకాలకు హార్మోనియం వాయించడం నా వృత్తి. హార్మోనియాన్ని మేం పెట్టె అంటాం. ఇప్పుడు వేళ్లు సరిగా వంగడం లేదు, మానేశాను. ఎన్ని ఆటలు వాయించాను, ఎన్ని శాలువలు కప్పారు అనే సంగతులు ఇందులో ఉండవు. ఆ శాలువలను మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పరిచింది, వాటికి అదే మంచి చోటు. ఈ మధ్య ఒకరిద్దరు పెట్టె నేర్పమని వస్తున్నారు. రాగాలు ఎవరైనా నేర్పుతారు. ఈ పనిలో మనిషి ఎక్కడ తప్పు చేస్తాడో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చేశాను కాబట్టి చెప్తాను.

ముందు శ్రుతి సంగతి. పెట్టె మీద తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉంటాయి. తెల్లవాటిని ఒకటి, రెండు అనీ, మధ్యలో నల్లవాటిని ఒకటిన్నర, రెండున్నర అనీ అంటాం; మూడుకూ నాలుగుకూ మధ్య మాత్రం నల్లది ఉండదు. పాడేవాడు ఏ మెట్టును ఆధారం చేసుకుంటాడో అదే అతని శ్రుతి. అంకె పెరిగే కొద్దీ గొంతు పైకి లేవాలి. మామూలు మగవాడు ఒకటిలోనో రెండులోనో హాయిగా పాడుకుంటాడు. ఐదులో రాజు పద్యాలు పాడాలంటే గుండెలు తీసిన బంటు కావాలి. గోవర్ధనన్న ఐదులో పాడేవాడు.

ఆరు ఇచ్చిన రోజు

గోవర్ధనన్నది పాల వ్యాపారం. లాల్‌దర్వాజా గుడి వెనక సందులో పన్నెండు బర్రెలుండేవి. పొద్దున పాలు పిండి, సైకిల్ మీద ఇంటింటికీ పోసి వచ్చి, సాయంత్రం మళ్లీ పిండాలి. మధ్యలో దొరికే నాలుగు గంటలే ఆయన నాటకం. అందుకే మా మండలి ఆటలన్నీ ఆదివారం మధ్యాహ్నాలే. వేరే మండళ్లవాళ్లు ఎగతాళి చేసేవారు. "మీ రాజుకు ఐదు గంటలకు పేడ తియ్యాలెనట గదా!" అనేవారు. గోవర్ధనన్నకు కోపం వచ్చేది కాదు. "తియ్యాలె మల్ల. మీ రాజుకు ఏం పనుంది?" అనేవాడు.

మా మండలి పెద్దను అందరం మాస్టరు అనేవాళ్లం. ఆయన రాసిన 'కిరీటదానం' ఒక్కటే మా నాటకం. కరువు కాలంలో కోటలోని ధాన్యమంతా జనానికి పంచేసి, చివరికి కిరీటం కూడా తీసి ఇచ్చి, రాణితో కలిసి కాలినడకన వెళ్లిపోయే రాజు కథ. మాస్టరు మహా కోపిష్టి. తాళం తప్పితే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. అలా విసిరినందువల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదని నా అభిప్రాయం, అందరం భయపడడం మాత్రం నేర్చుకున్నాం.

మండలిలో నా మొదటి ఆట. ఆ కంగారులో ఐదో మెట్టు బదులు పక్కనున్న ఆరు పట్టాను. గోవర్ధనన్న ఎత్తుకున్నాడు. రెండు ముక్కలు పాడాక నా తప్పు నాకు తెలిసింది. అయిపోయాను అనుకున్నాను. ఒకసారి ఎత్తుకున్నాక మధ్యలో శ్రుతి మార్చడానికి లేదు. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు, అంతే. కిందికి రాలేదు, ఆగలేదు. చివరి పాదం మీద రాగం ఎత్తి అలా నిలబెట్టాడు. రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. జనం "వన్స్‌మోర్!" అని అరిచారు. పద్యం అద్భుతంగా ఉంటే మళ్లీ పాడించుకోవడం నాటకాల్లో ఆనవాయితీ. ఆ మహానుభావుడు అదే ఆరులో మళ్లీ పాడాడు!

తెర పడగానే మాస్టరు నా మీదికి వచ్చాడు. "ఏందిర గిది? చెవులు ఇంట్ల వెట్టి వచ్చినవా?"

నేను నోరు తెరిచేలోపు గోవర్ధనన్న అడ్డం వచ్చాడు. "ఊకో మాస్టరూ. ఇయ్యాల నాకే జర ఊపొచ్చింది. నేనే ఎక్కియ్యమన్న."

నాకోసం ఆయన ఆడిన అబద్ధం అది. ఆ రోజు నుంచి ఆ మనిషికి నేను దాసుణ్ని. ఈ రోజుకీ వంటింట్లో గిన్నె కిందపడి మోగినా, ఆ పాదం చివర ఆయన నిలబెట్టిన స్వరం నా చెవుల్లోకి వస్తుంది. అలాంటి గొంతు మళ్లీ వింటానా? వినను. ఆ బాధ నాకు ఉంది, దాచుకోవడం ఎందుకు?

పిడి ఉన్న పెట్టె

అరవై దాటాక గోవర్ధనన్న గొంతులో జీర మొదలైంది. పై స్వరం దగ్గర ఒక్క క్షణం తెగేది. జనానికి తెలియదు. నాకు తెలిసేది, ఆయనకూ తెలిసేది. తెర వెనక స్టూలు మీద కూర్చుని అంటించిన మీసం పీక్కోవడం మర్చిపోయి గోడకేసి చూస్తుండేవాడు.

"గొంతుల ఏదో అడ్డం వడుతుందిర కిష్టా."

"దుమ్ము అన్నా. రోడ్డు తవ్వుతున్నరు గదా" అనేవాణ్ని.

చెప్పాల్సింది అది కాదు. "నాలుగున్నరకు దిగుదాం అన్నా" అనాలి. కానీ ఆయన ఊరందరి ముందూ ఒక మాట అని ఉన్నాడు: "ఐదు తప్పిన నాడు వేషం ఇడిచిపెడ్త." మొండివాడు, అన్నంత పనీ చేస్తాడు. మాస్టరు అప్పటికే చనిపోయాడు, గట్టిగా చెప్పే పెద్దదిక్కు లేదు. ఆయన వేషం మానేస్తే నేను ఎవరికి వాయించాలి? నిజం చెప్పాలంటే నా భయం అదే. ఆయన పరువు కాపాడడం కోసమే చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సగం నాకోసం చేసుకున్నాను.

ఒక కొత్త రకం పెట్టె కొన్నాను. దానికి ఎడమ పక్కన చిన్న పిడి ఉంటుంది. పిడి జరిపితే మెట్ల వరస మొత్తం లోపల స్వరం పలికే ఇత్తడి రీడ్ల మీద కొంచెం పక్కకు జరుగుతుంది. అప్పుడు ఐదో మెట్టు నొక్కినా లోపల పలికేది నాలుగున్నర. చూసేవాడికి నా వేలు ఎప్పటిలాగే ఐదు మీదే ఉంటుంది.

ఆ ఆదివారం ఆయన పెట్టె మీద చెయ్యి ఆనించి "ఐదేనా?" అన్నాడు. "ఐదే అన్నా" అన్నాను. పద్యం తెగకుండా సాగింది. తెర పడగానే నన్ను వాటేసుకున్నాడు. "గొంతు తిరిగొచ్చిందిర! నీ కొత్త పెట్టె మస్తుంది!" అన్నాడు. బుగ్గల మీది రంగు నా చొక్కాకు అంటుకుంది. నాకు గాల్లో తేలినట్టు ఉంది.

మూడేళ్లలో పిడిని మూడుసార్లు జరిపాను. నాలుగున్నర, నాలుగు అంటూ ఐదు కాస్తా మూడయింది. "ఐదేనా?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.

సత్తెమ్మ

రాణి వేషం సత్యవతిది. అందరం సత్తెమ్మ అనేవాళ్లం. మూడో అంకంలో రాజుకూ రాణికీ పద్యాల్లో వాదన జరుగుతుంది. కిరీటం ఇచ్చేద్దామని ఆయన ఒక పద్యం, బిడ్డల గతేమిటని ఆమె ఒక పద్యం, ఒకే శ్రుతి మీద. ఐదులో సత్తెమ్మ గొంతు గంట కొట్టినట్టు ఉండేది. ఆడవాళ్ల గొంతుకు అది సరైన చోటు.

నేను ఆయన కోసం దించిన ప్రతిసారీ ఆమె కూడా దిగిపోయింది. మూడుకు వచ్చేసరికి ఆమె కింది స్వరాలు గొంతులోనే ఉండిపోయేవి. వెనక వరసల్లోంచి "వినబడుతలేదు!" అని కేకలు వచ్చేవి. పాపం, ఎన్ని పాట్లు పడిందో. పులుపు మానేసింది, మిరియాల కషాయం తాగింది, డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన టార్చిలైటు వేసి చూసి గొంతు బాగానే ఉందన్నాడు. ఆమె నమ్మలేదు. ఇంట్లో పెట్టె లేదు, మా దగ్గర తప్ప ఎక్కడా పాడదు. ఇంక ఎలా తెలుస్తుంది?

ఒకరోజు ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నా పద్యం నాకే వినబడుతలేదు. నీ చెవులు మంచిగుంటయి. ఏమైందంటవ్?"

"జర అలిసిపోయినవేమో సత్తెమ్మా" అన్నాను.

ఆమెకు మాత్రం పై మెట్టు నుంచి ఇవ్వొచ్చు. చేతిలో పనే. కానీ ఆమె ఒక్కసారి పైశ్రుతిలో పాడితే, పక్కనే నిలబడ్డ గోవర్ధనన్నకు తన శ్రుతి ఎంత కిందుందో తెలిసిపోతుంది. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. ఎంచుకున్నాను. రెండు నెలల తర్వాత ఆమె రాణి నగలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి ఇచ్చింది.

"నా గొంతు వోయిందన్నా. ఇంకెవలన్నా దొర్కుతే సూస్కోరి" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను మూట అందుకున్నాను. ఆ మూట పట్టుకున్న చేతులతోనే మరుసటి ఆదివారం పెట్టె వాయించాను. సిగ్గులేని బతుకు!

ఫలక్‌నుమాలో ఒక మధ్యాహ్నం

తొమ్మిదేళ్లు గడిచాయి. గోవర్ధనన్న మోకాళ్లు మొరాయించాయి. సింహాసనం నుంచి లేవాలంటే మంత్రి వేషగాడు చెయ్యి అందించాల్సి వచ్చేది. జనం నవ్వారు కూడా. ఇంక చాలనుకున్నాడు. ఒక్క ఆఖరి ఆట ఆడి కిరీటం అటక మీద పెట్టేస్తానన్నాడు.

"రాణి వేషం సత్తెమ్మనే గట్టాలె. నువ్వే పొయ్యి అడుగు" అని నన్ను పంపాడు.

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర సందులో ఆమెకు చీరలకు ఫాల్ కుట్టే చిన్న దుకాణం ఉంది. నన్ను చూసి సంబరపడింది. స్టూలు తుడిచి వేసింది, ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పించింది. వచ్చిన పని చెప్పాను. మిషన్ ఆపేసి కాసేపు చేతిలోని చీర అంచును మడతపెడుతూ కూర్చుంది.

"నాకు రావాల్ననే ఉందన్నా. రాత్రి కలల గూడ రాణి పద్యాలే వస్తయి. గానీ నా గొంతు లేదు గదా. గోవర్ధనన్న ఆఖరి ఆటను ఖరాబ్ చేస్తనా? ఉత్తగ ముందు వరుసల కూసొని చూస్త."

"ఇంట్ల ఎన్నడన్న పాడుకుంటవా?"

"దేనికి? కుక్కర్ కూత సాలదా?" అని నవ్వింది. ఆ నవ్వులో గొంతు ఎంత స్వచ్ఛంగా ఉందో నాకు వినబడింది.

చెప్పెయ్యాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో బురఖా ఆమె జాకెట్ల సంచీతో దుకాణం ఎక్కింది. సత్తెమ్మ "ఆవో ఆపా" అని లేచింది. నేను చాయ్ తాగి వచ్చేశాను. బేరం రావడం నాకు దొరికిన సాకు. కూర్చుని ఉంటే ఆమె పది నిమిషాల్లో మళ్లీ నా ఎదుట ఉండేది.

ఆఖరి ఆట

జహనుమాలో ఒక ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం రెండు. పాలు పోయించుకునేవాళ్లు, గుడి దగ్గరివాళ్లు, పాత నటులు, హాలు నిండిపోయింది. ముందు వరసలో సత్తెమ్మ, ఆకుపచ్చ చీర కట్టుకుని. రాణి వేషానికి వేరే మండలి నుంచి ఒకామె వచ్చింది.

గోవర్ధనన్న వచ్చి పెట్టె మీద చెయ్యి ఆనించాడు.

"ఐదేనా?"

"ఐదే అన్నా."

ఆయన నన్ను మామూలు కన్నా ఎక్కువసేపు చూశాడు. ఆ చూపు ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆట బాగా నడిచింది. చివరి అంకం వచ్చింది. రాజు కిరీటం తీసి జనానికి అప్పగించే పద్యం ఒక్కటే మిగిలింది. పద్యానికి ముందు మంత్రి మాటలు నడుస్తుండగా గోవర్ధనన్న మెల్లగా నా వైపు నడిచి వచ్చాడు. నాటకంలో అక్కడ ఆ నడక లేదు. వంగి, నేరుగా ఎడమ పక్కనున్న పిడి పట్టుకుని, మూడు జరుపులూ వెనక్కి లాగేశాడు.

"ఇప్పుడు ఐదు" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా.

ఆపడానికి టైం లేదు. మెట్టు నొక్కాను. పన్నెండేళ్ల తర్వాత నా పెట్టెలోంచి ఆయన అసలు శ్రుతి వచ్చింది. ఆయన ఎత్తుకున్నాడు. మొదటి పాదం నిలబడింది. రెండోది నిలబడింది. దేవుడా, ఒక్క నిమిషం పాటు పాత గోవర్ధనన్నే నా ముందున్నాడు, పావురాలను లేపిన గోవర్ధనన్న. మూడో పాదంలో బీటలు వినబడ్డాయి. నాలుగోదాని మీద రాగం ఎత్తబోతే గొంతు పూర్తిగా విరిగింది. దగ్గు వచ్చింది. ఆగిపోయాడు.

నేను తల ఎత్తలేదు. అప్పుడు వెనక వరసలో ఎవరో ముసలాయన "వన్స్‌మోర్!" అన్నాడు. దాంతో మరో పదిమంది, ఇరవైమంది. విరిగిన పద్యానికి వన్స్‌మోర్ అడగడం నా బతుకులో అదొక్కసారే విన్నాను.

గోవర్ధనన్న చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు మాట్లాడింది రాజు కాదు, పాల గోవర్ధన్.

"జర ఆగుండ్రి. నేను ఇన్నేండ్లు ఐదుల పాడుతున్న అనుకున్నరు మీరు. లేదు. పన్నెండేండ్ల సంది గీ కిష్టడు నా కోసం సప్పుడు లేకుంట దించుకుంట వచ్చిండు. నాకు తెల్వదనుకుండు. అరె, పాలల్ల గిలాసెడు నీళ్లు కలిస్తే వాసన తోని చెప్తా నేను. నా శ్రుతిల నీళ్లు కలిస్తే తెల్వదా? తెలిసే ఊకున్న. వేషం ఇడువ బుద్ధి గాలె."

ముందు వరసకేసి తిరిగాడు.

"సత్తెమ్మా, నీ గొంతు వోలేదు బిడ్డా. నా గొంతు వోయింది. నన్ను దించుకుంట నిన్ను గూడ దించినం. గది నాకు నువ్వు వొయినంక ఎర్కైంది. ఎర్కైనా నోరు తెరవలె. తప్పు నాది." అని నా వైపు తిరిగాడు. "ఇగ దించు కిష్టా. అందరి ముంగట దించు."

పిడి జరిపాను, మూడుకు. ఆయన పద్యం మళ్లీ పాడాడు, ముసలివాడు ముసలివాడి శ్రుతిలో. బాగుంది. ఇన్నేళ్లూ ఇలాగే అందరికీ చెప్పి పాడి ఉంటే ఏమయ్యేది అనిపించింది. చివర చప్పట్లు మోగుతుండగా ముందు వరసకేసి చూశాను. సత్తెమ్మ కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది.

గోవర్ధనన్న బుగ్గల మీది రంగు కూడా కడుక్కోకుండా ఇంటికి బయలుదేరాడు. ఇంకా రెండు బర్రెలున్నాయి, ఐదు కావస్తోంది.

దించేవాళ్లకు ఒక మాట

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ ముందు పాడేవాళ్లకు వయసు వస్తుంది. దించాల్సి వస్తుంది, దించండి. కానీ అడిగి దించండి. అడగలేకపోతే వాయించడం మానెయ్యండి. మీరు ఒకరి మీది ప్రేమతో చేసే మోసం పక్కన నిలబడ్డవాళ్ల మీద పడుతుంది, వాళ్లు తప్పు తమదే అనుకుంటారు.

వారం తర్వాత సత్తెమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి చాప మీద కూర్చుంది.

"దుకాణంకు వచ్చిననాడు గూడ చెప్పలె నువ్వు" అంది.

"చెప్పలె."

"గోవర్ధనన్న చెప్పకుంటే నువ్వు చెప్పేటోనివా?"

"ఏమో సత్తెమ్మా. చెప్పకపోతుంటినేమో." అబద్ధాలు చాలనిపించింది నాకు.

"తొమ్మిదేండ్లన్నా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పెట్టె తీయ్" అంది.

తీశాను. వేళ్లు ఒక్కొక్కటీ సాగదీసుకున్నాను. ఆమె ముందుకు జరిగి పెట్టె మీద కుడిచెయ్యి ఆనించింది.

"ఐదేనా?"

పిడిని ఐదుకు లాగి, ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాను, అది ఎక్కడుందో తనే తడిమి చూసుకునేలా. చూసుకుంది. తల ఊపింది. మెట్టు నొక్కాను.

మొదటి పాదం చాన్నాళ్లకు ఎత్తిన షట్టరులా కిర్రుమంది. రెండో పాదంలో కొంచెం వదులైంది. మూడో పాదం సగంలో ఆ గొంతు పైకి లేచి గది నిండా మోగింది, గంటలాగే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. సత్తెమ్మ పాడడం ఆపేసి, గొంతు మీద చెయ్యి వేసుకుని నన్ను చూసింది.

"ఉన్నదే అన్నా" అంది. "గీడనే ఉన్నదే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మళ్లీ మొదటి నుంచి ఇమ్మంది.